ఎడమ దవడ నిబంధన

ఆ నగరంలో బతుకు ఎంత ఖరీదైపోయిందంటే, అక్కడ పుట్టి పెరిగినవాళ్లు బయట తినడం, తిరగడం మానేసి ఇళ్లలో కూర్చున్నారు. నగరం చూడటానికి వచ్చేవాళ్లు మాత్రం ఏటికేడు పెరిగారు. వాళ్లకు కోటలూ మ్యూజియంలూ పట్టలేదు. విమానం దిగి హోటలు గదిలో పెట్టె పెట్టిన మరుక్షణం వాళ్లు అడిగేది ఒక్కటే. ఇక్కడివాళ్లు ఎక్కడ తింటారో అక్కడే తింటాం, ఎలా తిరుగుతారో అలాగే తిరుగుతాం, దారి చూపించండి అని. ఆ ఏడు నడుస్తున్న మోజు అది.

దారి చూపించడానికి ప్రభుత్వం నగర స్థానికానుభవ మండలి అని ఒకటి పెట్టింది. దానికో భవనం, భవనానికి అద్దాల తలుపులు, తలుపుల వెనక ప్రత్యేకాధికారి చక్రపాణి గారు. ఆయన బాధ్యత తీసుకున్న మూడో నెలలోనే ఎక్కడో దూరదేశం నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఫిర్యాదు రాసిపెట్టి వెళ్లాడు. "గుల్‌నార్ కెఫేలో నాలుగు గంటలు కూర్చున్నాను. చుట్టూ ఉన్నవాళ్లంతా నాలాగే స్థానికుల్లా తినడానికి వచ్చినవాళ్లు. ఒకరిని చూసి ఒకరం తిన్నాం. అసలు స్థానికుడు ఎలా తింటాడో మాలో ఎవరికీ తెలియలేదు."

దీనిమీద మండలి అత్యవసరంగా సమావేశమైంది. స్థానికులు ఇళ్లలో చారన్నం తింటున్నారని సర్వేలో తేలింది. ధరలు తగ్గిస్తే వాళ్లే బయటికొస్తారని ఒక చిన్న గుమాస్తా అన్నాడు. ఆ సూచన ఎజెండాలో లేనందున చర్చకు స్వీకరించలేదని మినిట్స్‌లో రాశారు. చివరికి ఒక తీర్మానం చేశారు. నగరంలో ఇంకా ఎక్కడైనా, ఎవరైనా, చెదరకుండా మిగిలిన స్థానికుడు ఉంటే వెతికి పట్టుకుని, ఆయన ఏం చేస్తాడో రాసుకుని, దాన్ని నిబంధనగా అచ్చువేయాలి. వెతగ్గా వెతగ్గా దొరికినవాడు పెంటయ్య.

పెంటయ్య నీళ్ల శాఖలో ముప్పై నాలుగేళ్లు మీటర్లు చూసి రిటైరయ్యాడు. ఆ ఊళ్లో ఆయన కాలు పెట్టని గల్లీ లేదు. కానీ రిటైరయ్యాక ఆయన సరదాలు ఒక్కొక్కటే రాలిపోయాయి. ముందు సినిమా పోయింది. తర్వాత ఆదివారం బిర్యానీ. సాయంత్రం చెరువు గట్టు మీద నడిచేవాడు, గట్టుకు గేటు పెట్టి గేటుకు టికెట్టు పెట్టాక అదీ పోయింది. ఇంక మిగిలింది పొద్దున్నే గుల్‌నార్ కెఫేలో ఖాజా మియాతో వన్ బై టూ చాయ్.

ఒక్క చాయ్ చెప్పి ఇద్దరు తాగడాన్ని అక్కడ వన్ బై టూ అంటారు. గుల్‌నార్‌లో వెయిటరు ఒక నిండు కప్పు, ఒక ఖాళీ కప్పు తెచ్చి పెట్టి పోతాడు. పంచే పని ఎప్పుడూ ఖాజా మియాదే. ఆయన టైలరు, బట్ట కొలిచిన చేతులు. కుడిచేత్తో నిండు కప్పు వంచి, ఎడమచేత్తో ఖాళీ కప్పును కాస్త ఎత్తి పట్టుకుని, సాసరులో ఒక్క చుక్క పడకుండా సరిగ్గా సగం చేసేవాడు. ముప్పై ఏళ్లలో నీకెక్కువ నాకు తక్కువ అన్న మాట రాలేదు. చాయ్ ముందుకు జరిపి పెంటయ్య అడిగే మొదటి మాట కూడా ముప్పై ఏళ్లుగా ఒకటే. "ఖాజా భాయ్, మోకాలు ఎట్లుంది?" మిషను తొక్కి తొక్కి అరిగిన ఆ మోకాలి గురించి ఖాజా మియా పావుగంట చెప్పేవాడు. పెంటయ్య వినేవాడు. అంతే, వాళ్ల షికారు అయిపోయేది.

"సగం కప్పు చాయ్‌కి గంత దూరం నడుస్తవా? ఇంట్ల నిండు గిలాస పోస్త గద," అనేది పెంటయ్య భార్య రాజమణి.

"ఇంట్ల ఖాజా ఉంటడా?" అనేవాడు పెంటయ్య.

చక్రపాణి గారు నోటుబుక్కుతో గుల్‌నార్‌లో అడుగు పెట్టిన వారంలోనే పెంటయ్యకు ఎడమ వైపు దవడపన్ను పుచ్చి సలపడం మొదలైంది. నొప్పి పన్ను మీద పన్ను ఆననిచ్చేది కాదు. ఎడమ అరచెయ్యి చెంపకు ఆనించి, కుడివైపు నుంచి కొంచెం కొంచెంగా చాయ్ గుటకేసేవాడు. పక్క బల్ల దగ్గర ఒకాయన మూడు రోజులుగా తననే చూస్తూ రాసుకుంటున్నాడని గమనించి, జనాభా లెక్కల మనిషేమో అనుకున్నాడు. నాలుగో రోజు ఆ మనిషి వెంట నడిచాడు కూడా. మీటర్లు చూసిన కాళ్లు కదా, ప్రతి ఇంటి గేటు దగ్గర పెంటయ్య అలవాటుగా ఆగి, వంగి, గోడ పక్కకు చూసి, తలాడించి ముందుకు పోయేవాడు. చక్రపాణి గారు అదీ రాసుకున్నారు.

రెండు నెలల తర్వాత "స్థానిక భోజన విహార ప్రవర్తనా నియమావళి" వెలువడింది. నూట పన్నెండు పేజీలు. అట్ట మీద చెంపకు చెయ్యి ఆనించిన పెంటయ్య ఫోటో. పదిహేడో నిబంధన ఇలా ఉంది: "స్థానికుడు తేనీరు సేవించునపుడు ఎడమ అరచేతిని ఎడమ దవడకు ఆనించి ఉంచవలెను. ముఖమునందు ఒకింత వేదన కనబడవలెను. ఇది ఈ ప్రాంతపు ప్రాచీన ఆలోచనా ముద్ర." ఇరవై మూడో నిబంధన ప్రకారం స్థానిక విహారంలో ప్రతి గేటు ముందు ఆగి, వంగి, తలాడించాలి.

నియమావళి వచ్చిన పదిహేను రోజుల్లో నగరం రూపు మారిపోయింది. ఏ హోటల్లో చూసినా పంటినొప్పి ఉన్నవాళ్ల సభ జరుగుతున్నట్టే ఉండేది. ముప్పై మంది సందర్శకులు గుంపుగా గల్లీల్లో నడుస్తూ ప్రతి గేటు దగ్గర ఒక్కసారిగా వంగేవాళ్లు. ఇంటివాళ్లు మొదట దొంగలనుకుని పోలీసులకు ఫోన్లు చేశారు. వచ్చిన పోలీసులకు గైడు నియమావళి చూపించాడు. వాళ్లు చదివి, సెల్యూట్ కొట్టి, తామూ ఒకసారి వంగి వెళ్లిపోయారు.

గుల్‌నార్‌లో నాలుగు బల్లల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచారు. అవి స్థానికులవి. మిగతావన్నీ తెల్లగుడ్డ బల్లలు, సందర్శకులవి. ఆకుపచ్చ బల్ల దగ్గర కూర్చోవాలంటే మండలి ఇచ్చిన స్థానికత కార్డు మెడలో ఉండాలి. వన్ బై టూ ఆకుపచ్చ బల్లకే ఇస్తారు. తెల్ల బల్లవాళ్లకు అదే చాయ్ "అనుభవం" అనే పేరుతో వస్తుంది, దాని ధర పెంటయ్య పెన్షన్ వినకపోవడమే మంచిది. కార్డు నంబరు ఒకటి పెంటయ్యది, రెండు ఖాజా మియాది.

"పెంటన్న, నువ్వు మొత్తం ఊరికి పంటినొప్పి తెప్పిచ్చినవ్," అన్నాడు ఖాజా మియా. ఆయనకు మాత్రం ఇది నవ్వులాట కాదు. పదిహేడో నిబంధన ప్రకారం ఎడమచెయ్యి చెంప మీదే ఉండాలి కాబట్టి, ఆయన ఒక్కచేత్తోనే పంచాల్సి వచ్చింది. రోజూ సాసరు నిండా చాయ్ ఒలికేది. ఒలికిన చాయ్ వంక ఆయన చూసే చూపు, కొత్త సూట్ గుడ్డ మీద కత్తెర జారినప్పటి చూపు.

ఇంతలో రాజమణి పోరుపడలేక పెంటయ్య పోయి పన్ను పీకించుకున్నాడు. నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. మర్నాడు హాయిగా గుల్‌నార్‌కు వచ్చి, రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆకస్మిక తనిఖీకి వచ్చిన చక్రపాణి గారు ఆయన ముందు ఆగిపోయారు.

"పెంటయ్య గారూ, తమరి ఎడమ చెయ్యి ఎక్కడుంది?"

"ఇగో, బల్ల మీదున్నది సార్."

"ఉండవలసిన స్థానంలో లేదు."

"పన్ను పీకిచ్చిన సార్. ఇప్పుడు నొప్పి లేదు."

"నొప్పి అనే పదం నియమావళిలో ఎక్కడా లేదు. అక్కడ ఉన్నది ప్రాచీన ఆలోచనా ముద్ర. దాన్ని తమరు బహిరంగంగా విసర్జించారు. చుట్టూ చూడండి, పదకొండు దేశాల ప్రతినిధులు తమరిని చూసి అయోమయంలో పడ్డారు."

నిజమే. తెల్ల బల్లల దగ్గర కొందరు చెయ్యి దించారు, కొందరు దించలేదు, ఒకాయన సగంలో ఆపి గాల్లో పట్టుకుని ఉన్నాడు.

"నన్ను చూసే గద సార్ మీరు రాసింది?" అన్నాడు పెంటయ్య.

"చూసి రాసిన మాట వాస్తవం. అయితే రాసేవరకు తమరు ప్రమాణం. రాసిన తర్వాత నియమావళి ప్రమాణం. ఇకమీదట తమరు దాన్ని చూసి నడుచుకోవాలి, అది తమరిని చూసి నడుచుకోదు." చక్రపాణి గారు కోపంగా అనలేదు, చదువు చెప్పినంత ఓపికగా అన్నారు. ఆ ఓపికతోనే పెంటయ్య మెడలోంచి కార్డు తీసి కవరులో వేసుకున్నారు. "స్థానికత తాత్కాలికంగా నిలిపివేయడమైనది. శిక్షణ పొంది, పరీక్షలో ఉత్తీర్ణులైతే పునరుద్ధరించబడుతుంది."

ఆ రోజు వన్ బై టూ పూర్తికాకుండానే పెంటయ్య లేచి బయటికొచ్చాడు. ఖాజా మియా కూడా లేవబోయాడు. ఆయన లేస్తే ఆ బల్ల ఖాళీ అయినట్టు లెక్క, వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. పెంటయ్యే కళ్లతో వద్దన్నాడు. ముప్పై ఏళ్ల బల్ల పోతే మళ్లీ రాదు.

వన్ బై టూకు ఇద్దరుండాలి కదా. ఖాజా మియా ఎదుటి కుర్చీకి మండలి వెంటనే ఒకరిని నియమించింది. ఆయన హోదా "అధీకృత ద్వితీయ పానీయుడు". ఎక్కడో వేరే జిల్లా నుంచి పరీక్ష రాసి వచ్చిన ఉద్యోగి, నెల జీతం మీద చాయ్ తాగుతాడు. పెంటయ్య ఒకరోజు ఉండబట్టలేక కెఫే కిటికీ దగ్గర నిలబడ్డాడు. తన కుర్చీలో కూర్చున్న ఆ మనిషి చెంపకు చెయ్యి ఆనించి, తనలాగే తల వంచి, తన మాటే అడిగాడు. "ఖాజా భాయ్, మోకాలు ఎట్లుంది?" అచ్చం తన గొంతే. పెంటయ్యకు పన్ను లేని చోట మళ్లీ నొప్పి లేచినట్టయింది. ఆయన ఆ రోజు ఏ గేటు దగ్గరా ఆగకుండా ఇంటికి పోయాడు.

మరుసటి వారం శిక్షణ కేంద్రంలో చేరాడు. ఆరు రోజుల కోర్సు. బోధించే అమ్మాయి ఇరవై ఆరేళ్లది, పేరు హరిణి, ఈ నగరానికి వచ్చి నాలుగు నెలలైంది. పెంటయ్య ఎలా కూర్చుంటాడు, ఎలా దగ్గుతాడు, డబ్బులిచ్చాక జేబు ఎన్నిసార్లు తడుముకుంటాడు, అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. పాపం మంచి పిల్ల. తన ముందు కూర్చున్నది ఎవరో ఆమె గుర్తుపట్టలేదు. హాజరుపట్టీలో పేర్లుండవు, నంబర్లే. అట్ట మీది ఫోటోలోనేమో చెయ్యి సగం మొహం కప్పేసింది మరి.

"అంకుల్, మీరు చాలా కష్టపడుతున్నారు. కానీ సహజత్వం రావట్లేదు. చేస్తున్నట్టు తెలిసిపోతోంది," అంది.

"ఎట్ల చెయ్యాల్నమ్మా?"

"మీరే పెంటయ్య అనుకోండి."

పెంటయ్య అనుకుని చూశాడు. కుదరలేదు. గేటు ముందు వంగేటప్పుడు ఎప్పుడూ ముందు ఏ కాలు పెట్టేవాడో ఆలోచిస్తే రెండు కాళ్లూ ఆగిపోయాయి. పరీక్షలో నూటికి నలభై ఒకటి వచ్చాయి. ఉత్తీర్ణతకు అరవై కావాలి. ఆ బ్యాచ్‌లో మొదటి ర్యాంకు తొంభై మూడు మార్కులతో బెల్జియం నుంచి వచ్చిన ఒక పెద్దావిడకు వచ్చింది. ఆమె మీటరు దగ్గర వంగిన తీరు చూసి పెంటయ్యే మెచ్చుకున్నాడు. నడుము పట్టకుండా వంగడం అంత తేలిక కాదు.

ఆ సాయంత్రం ఖాజా మియా కుంటుకుంటూ పెంటయ్య ఇంటికి వచ్చాడు. రాజమణి ఇద్దరికీ చెరో నిండు గ్లాసు చాయ్ ఇచ్చింది. ఇద్దరూ దాన్ని ఏం చేయాలో తెలియనట్టు పట్టుకుని కూర్చున్నారు.

"ఆ పోరడు మంచోడే పెంటన్న," అన్నాడు ఖాజా మియా. "రోజు మోకాలు అడుగుతడు. నేను నోరు తెరిచేలోపల్నే రెండో సవాల్ అడుగుతడు. జవాబు గురించి కితాబ్‌ల రాసి లేదంట." కాసేపు గ్లాసు వంక చూసి, "నేను రేపటి సంది పోను. బల్ల పోతే పోనీ," అన్నాడు.

"పోనియ్యొద్దు," అన్నాడు పెంటయ్య. తర్వాత నెమ్మదిగా, "ఖాజా భాయ్, ముప్పై నాలుగేండ్లు మీటర్లు చూసిన గద. నేను గేటుకాడ నిలబడి చూస్తున్నంతసేపు ఏ ఇంట్ల ఒక్క నల్లా ఇప్పలే. ముల్లు కదలకపోయేది. నేను గల్లీ మలుపు తిరగంగనే అన్ని నల్లాలు ఒక్కపాలి ఇప్పేటోళ్లు," అన్నాడు.

"అయితే?"

"అయితే ఏం లేదు. రేపు ఆ సార్ కాడికి పోదాం."

మర్నాడు ఇద్దరూ అద్దాల తలుపుల వెనక్కి వెళ్లారు. చక్రపాణి గారు నియమావళి రెండో ముద్రణకు ప్రూఫులు దిద్దుకుంటున్నారు. మర్యాదగానే కూర్చోమన్నారు.

"సార్, మీ పుస్తకంల ఒక లోపమున్నది. బయటికి తెలిస్తే మీకు ఇజ్జత్ పోతది, అందుకే మీకే చెప్తున్న," అన్నాడు పెంటయ్య.

చక్రపాణి గారి పెన్ను ఆగింది.

"మీరు నోటుబుక్కు పట్టుకుని కూసున్నప్పుడు మేం చేసింది అసలుది కాదు సార్. మనిషి చూస్తుంటే ఇక్కడోళ్లు ఏదీ అసలు తీరుగ చెయ్యరు. ఎవ్వరు చూడనప్పుడే చేస్తరు. నీళ్ల శాఖోళ్లను ఎవర్నన్న అడుగుండ్రి."

"అంటే మేము ప్రత్యక్షంగా చూసింది..."

"మీరు చూసింది కాదు సార్, మేం చూపిచ్చింది."

చక్రపాణి గారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన మొహంలో మొదట భయం, తర్వాత వెలుగు కనిపించాయి. ఆయన చెడ్డవాడు కాదు. నిబంధనలో లోపం ఉందంటే దానికి మందు ఇంకో నిబంధన అని మనసా వాచా నమ్మిన మనిషి. "అవలోకన కాలుష్యం," అని తనలో తను అనుకున్నారు. ఆ మాట ఆయనకు ఎంత నచ్చిందంటే, కాగితం మీద రాసి కింద రెండు గీతలు గీశారు. "అనగా, చూడబడుతున్న స్థానికుడు స్థానికుడు కాడు. చూడబడనివాడే శుద్ధ స్థానికుడు. పెంటయ్య గారూ, ఇది చాలా మౌలికమైన అంశం."

"గట్లనే అనుకున్న సార్," అన్నాడు పెంటయ్య.

వారం తిరగకుండా సవరణ ఉత్తర్వు వచ్చింది. "స్థానికులు తేనీరు సేవించు సమయమున సందర్శకులు, తనిఖీ అధికారులు సహా ఎవ్వరును వారిని చూడరాదు. తెల్లగుడ్డ బల్లల కుర్చీలను గోడవైపునకు త్రిప్పవలెను. గేటు వద్ద వంగు విహారములందు సైతము ఇదే వర్తించును. చూచుట ద్వారా గుర్తించిన ఉల్లంఘనలన్నియు కాలుష్యదోషము వలన చెల్లవు." చివరి వాక్యంతో పెంటయ్య మీది ఉల్లంఘన చెల్లకుండా పోయింది. ఒకటో నంబరు కార్డు రిజిస్టర్డ్ పోస్టులో ఇంటికొచ్చింది. అధీకృత ద్వితీయ పానీయుణ్ణి ఇంకో హోటలుకు, దోశల విభాగానికి బదిలీ చేశారు.

సందర్శకులకు ఈ మార్పు మహా నచ్చింది. స్థానికుల మధ్య కూర్చుని వాళ్లను చూడకుండా ఉండటం ఇంకే నగరంలోనూ దొరకని అనుభవమని రాసుకున్నారు. అంతకుముందు ఫిర్యాదు చేసిన పెద్దమనిషి మళ్లీ ప్రత్యేకంగా వచ్చి, రెండు గంటలు గోడను చూసి, సంతృప్తిగా సంతకం పెట్టి వెళ్లాడు. గోడవైపు కుర్చీకి ధర కొంచెం పెంచారు.

సోమవారం పొద్దున్న పెంటయ్య గుల్‌నార్‌కు వచ్చాడు. హాలు నిండా జనం. అందరి వీపులే కనిపిస్తున్నాయి. నలభై మంది గోడవైపు తిరిగి, ఎడమ చెంపల మీద చేతులు పెట్టుకుని, కిక్కురుమనకుండా కూర్చున్నారు. వాళ్ల మధ్య చక్రపాణి గారు కూడా గోడకు ముక్కు ఆనేంత దగ్గరగా, ఒళ్లో నోటుబుక్కుతో ఉన్నారు.

పెంటయ్య తన కుర్చీలో కూర్చున్నాడు. వెయిటరు నిండు కప్పూ ఖాళీ కప్పూ తెచ్చి పెట్టి, తనూ చూడకూడదని గుర్తొచ్చి, మొహం తిప్పుకుని వెళ్లాడు.

"ప్రారంభించారా?" గోడ దగ్గర్నుంచి చక్రపాణి గారు అడిగారు.

"ఇంకా లేదు సార్," అన్నాడు ఖాజా మియా.

ఆయన చుట్టూ ఒకసారి చూశాడు. మూడు నెలలుగా బల్ల కోసం చెంపకు ఆనించి ఉంచిన ఎడమచేతిని మెల్లగా దించి, వేళ్లు విదిలించుకున్నాడు. ఖాళీ కప్పును కాస్త ఎత్తి పట్టుకుని, నిండు కప్పు వంచాడు. సాసరులో ఒక్క చుక్క పడలేదు.

పెంటయ్య తన సగం ముందుకు జరుపుకున్నాడు. "ఖాజా భాయ్, మోకాలు ఎట్లుంది?" అని అడిగి, ఇంకో ప్రశ్న వేయకుండా ఊరుకున్నాడు.

ఖాజా మియా చెప్పడం మొదలుపెట్టాడు. నెల రోజుల బాకీ ఉంది, చాయ్ చల్లారిపోయేదాకా చెప్పాడు.